చిమ్నీ లాగేసిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచి వస్తోంది? ఇంటి వెంటిలేషన్‌లో తేలని లెక్క

పోయిన సంక్రాంతికి మా ఫ్లాట్‌లో అరిసెలు వండుతున్న రోజు. చలిగా ఉందని, దోమలొస్తాయని కిటికీలన్నీ బిగించేశాం. చిమ్నీ పై స్పీడులో పెట్టాం. పది నిమిషాలు గడిచాయో లేదో హాల్లో డ్రైనేజీ కంపు. అందరి అనుమానం వంటింటి సింకు మీదికే పోయింది. తీరా చూస్తే కంపు వస్తున్నది ఇంటికి ఆ చివరనున్న గెస్ట్ బాత్రూంలోంచి. చిమ్నీ ఆపితే తగ్గుతోంది, వేస్తే మళ్లీ మొదలు. మర్నాడు వచ్చిన ప్లంబర్ ఫ్లోర్ జాలీ ఎత్తి చూసి, "వాడని బాత్రూం కదండీ, ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయాయి" అని ఒక మగ్గు నీళ్లు పోసి వెళ్లిపోయాడు.

కంపు పోయింది. ట్రాప్ అంటే జాలీ కింద నీళ్లు నిలిచే వంపు, డ్రైనేజీ గాలి పైకి రాకుండా ఆపేవి ఆ నీళ్లే. అయితే డ్రైనేజీ పైపులోని గాలిని ఇంట్లోకి లాగింది వంటింట్లోని చిమ్నీయే. అది బయటికి తోసిన ప్రతి లీటరు గాలికీ బదులు ఒక లీటరు లోపలికి రావాలి. మేము దారి చూపలేదు గనుక అది తనకు దొరికిన దారిన వచ్చింది. ఇంటీరియర్ పనులప్పుడు చిమ్నీ ఏ మోడల్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎన్ని అంగుళాలు అని గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. లోపలికొచ్చే గాలి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

సప్లై, ఎగ్జాస్ట్: పేర్లు రెండు, పని ఒకటే

ఇంట్లోని పాత గాలిని బయటికి పంపే మార్గం ఎగ్జాస్ట్. బాత్రూం ఫ్యాన్, వంటింటి ఫ్యాన్, చిమ్నీ ఈ కోవలోవి. బయటి గాలిని లోపలికి తెచ్చే మార్గం సప్లై. అది గోడకు పెట్టిన చిన్న వెంట్ కావచ్చు, ఫిల్టర్‌తో కూడిన ఫ్యాన్ కావచ్చు, ఓరగా తెరిచిన కిటికీ అయినా కావచ్చు. రెంటి మధ్యా గదుల గుండా గాలి నడిచే దారి ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే వెంటిలేషన్.

సీలింగ్ ఫ్యాన్ వెంటిలేషన్ కాదు, ఉన్న గాలినే తిప్పుతుంది. స్ప్లిట్ ఏసీ కూడా కాదు. బయట యూనిట్ ఉంది కాబట్టి అక్కణ్నుంచి గాలి వస్తుందని చాలామంది అనుకుంటారు. గోడలోంచి వెళ్లే ఆ రాగి పైపుల్లో నడిచేది గ్యాస్ మాత్రమే. గదిలో ఉన్న గాలినే ఏసీ మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. పాత విండో ఏసీల్లో కొన్నిటికి వెంట్ అని చిన్న మీట ఉండేది, దాన్ని తెరిస్తే కాస్త గాలి మారేది. స్ప్లిట్‌లతో ఆ కాస్తా పోయింది.

గాలి కొలత మనకు రెండు రకాలుగా కనిపిస్తుంది. చిమ్నీల మీద గంటకు ఇన్ని క్యూబిక్ మీటర్లని రాస్తారు. ఇంజనీర్లు నిమిషానికి ఇన్ని క్యూబిక్ అడుగులంటారు, అదే సీఎఫ్‌ఎం. ఒక సీఎఫ్‌ఎం అంటే గంటకు 1.7 క్యూబిక్ మీటర్లు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. కార్పెట్ ఏరియా 1,100 చదరపు అడుగులు, ఎత్తు పదడుగులు. అంటే ఇంట్లో పట్టే గాలి సుమారు 310 క్యూబిక్ మీటర్లు. చిమ్నీ మీద రాసింది గంటకు 1,200. పావుగంటకు కాస్త పైన పట్టే సమయంలో ఇంటి గాలంతా ఒకసారి బయటికి పోవాలి. డబ్బా మీది అంకె పైపు, వంపులు, జిడ్డు పట్టిన ఫిల్టర్ లేనప్పటిది కాబట్టి అందులో సగమే నిజమనుకున్నా, అరగంటకోసారి ఇంటెడు గాలి మారాలి. మూసిన కిటికీల సందుల్లోంచి అంత గాలి రాదు.

పాతిళ్లలో ఈ తంటా ఎందుకు లేదు

మండువా లోగిలిలో నడిమధ్య ఆకాశమే ఉండేది. వేడెక్కిన గాలి అక్కణ్నుంచి పైకి పోతుంటే చుట్టూ గదుల్లోంచి గాలి వచ్చి చేరేది. పెంకుటిల్లు వంటగదిలో పొగ పెంకుల సందుల్లోంచే పోయేది. తర్వాతి కాలపు ప్రభుత్వ క్వార్టర్లలో కిటికీపైన, కప్పుకు దగ్గరగా చిన్న వెంటిలేటర్ తలుపుండేది. దానికో తాడు, గోడకో మేకు. తాడు లాగి మేకుకు చుడితే మూసుకునేది, వదిలితే తెరుచుకునేది. పిచ్చుకలు గూడు పెడితే ఆ సీజనంతా తెరిచే ఉంచేవాళ్లం.

ఆ ఇళ్లలో వెంటిలేషన్‌ను ఎవరూ ప్రత్యేకంగా ప్లాన్ చేయలేదు, సందులే ప్లాన్. ఇప్పుడు రబ్బరు బీడింగుతో బిగుసుకునే యూపీవీసీ కిటికీలొచ్చాయి, వెంటిలేటర్ల స్థానంలో ఫాల్స్ సీలింగ్ వచ్చింది. చప్పుడు రాదు, దుమ్ము రాదు, ఏసీ చల్లదనం పోదు. గాలీ రాదు. జాతీయ భవన నిర్మాణ కోడ్ తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్ల వైశాల్యం వేడి, పొడి ప్రాంతాల్లో గది నేలలో పదో వంతు, వేడి, తేమ ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలంటుంది. ఫ్లాట్లలో ఆ మేరకు కిటికీలు ఉంటాయి కూడా. ఏసీ వేసిన రాత్రి అవి మూసే ఉంటాయి, చిక్కంతా అదే.

మూసిన పడకగదిలో ఒక రాత్రి

గదిలో గాలి మారుతోందో లేదో తెలుసుకోవడానికి కార్బన్ డయాక్సైడ్‌ను గుర్తుగా వాడతారు. మనం వదిలే ఊపిరిలో ఉండేది, తేలిగ్గా కొలవగలిగేది అదే. బయటి గాలిలో అది ఇప్పుడు సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420. లోపల వెయ్యి దాటకుండా చూడాలన్న హద్దును 1858లోనే మ్యూనిక్‌లో ఆరోగ్య శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ ప్రతిపాదించాడు. వెయ్యి దాటితే విషమని ఆయన అనలేదు, గాలి పాచిపోయిందనడానికి ఆనవాలన్నాడు.

పన్నెండు బై పదకొండు గది, పదడుగుల ఎత్తు. అంటే 37 క్యూబిక్ మీటర్లు. ఇద్దరు పెద్దవాళ్లు నిద్రపోతుంటే గంటకు సుమారు 25 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. గదికి ఏ సందూ లేకపోతే గంటకు దాదాపు 670 పీపీఎం చొప్పున పెరుగుతూ పోవాలి. నిజానికి సందులుంటాయి. వాటి గుండా గంటకు 11 క్యూబిక్ మీటర్లు మారుతోందనుకుంటే, ఎనిమిది గంటలకు అంకె 2,500 దగ్గర తేలుతుంది. పొద్దున్నే బయటినుంచి ఆ గదిలో అడుగుపెట్టినవాళ్లకు తగిలే ముక్కవాసన ఆ మారని గాలిదే. లోపలున్నవాళ్లకు అది తెలియదు.

వెయ్యి దగ్గర ఆపాలంటే ఆ ఇద్దరికీ గంటకు 43 క్యూబిక్ మీటర్లు, అంటే 25 సీఎఫ్‌ఎం బయటి గాలి చాలు. చిమ్నీ అంకె పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత చిన్నదో! నాలుగంగుళాల పైపులో సెకనుకు మీటరున్నర వేగంతో, చెవికి ఆనకుండా వచ్చేస్తుంది.

ఇంతకూ ఆ 2,500 మనిషికి చెరుపు చేస్తుందా? దీని మీద ఏకాభిప్రాయం లేదు. 2012లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ పరిశోధకులు పాల్గొన్న ఒక పరీక్షలో 1,000, 2,500 పీపీఎంల దగ్గర నిర్ణయాలు తీసుకునే సామర్థ్యం తగ్గినట్టు తేలింది. తర్వాతి పరీక్షలన్నీ దాన్ని సమర్థించలేదు. అసలు చెరుపు కార్బన్ డయాక్సైడ్‌ది కాదని, గాలి మారని గదిలో దాంతోపాటు పోగయ్యే తేమ, చెమట వాసన, పెయింటు, ప్లైవుడ్ ఆవిర్లు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జలుబు క్రిములు, వీటిదని కొందరు నిపుణుల మాట. నాకు ఈ రెండో మాటే సబబనిపిస్తుంది. ఏదైనా, రెండు వాదాల్లోనూ కావలసింది గాలి మారడమే.

గాలి దగ్గర దారి వెతుక్కుంటుంది

ప్లానింగ్‌లో మూల సూత్రం ఒక్కటే: గాలి మనుషులుండే గదుల్లోకి రావాలి, తడి, వాసన ఉండే గదుల్లోంచి పోవాలి. సప్లై పడకగదులకు, హాలుకు. ఎగ్జాస్ట్ బాత్రూములకు, వంటింటికి. అలాగైతే శుభ్రమైన గాలి ఇల్లంతా ఊడ్చుకుంటూ పోయి చివర్లో మురికి గదిలోంచి బయటపడుతుంది.

దీన్ని చెడగొట్టేది దగ్గర దారి. మన బాత్రూముల్లో రోజూ చూసేదే. గాజు పలకల లూవర్ వెంటిలేటర్ ఉంటుంది. ఫ్యాన్ పెట్టాలంటే రెండు మూడు పలకలు తీసి అక్కడ బిగిస్తారు, మిగతా పలకలు తెరిచే వదిలేస్తారు. ఫ్యాన్ తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, పక్కనే ఉన్న పలకల సందులోంచి బయటి గాలినే లాక్కుని మళ్లీ బయటికే తోస్తుంది. స్నానం చేసిన గంటకు కూడా అద్దం మీద ఆవిరి అలాగే ఉంటుంది. "ఫ్యాన్ పాడైనట్టుంది, పెద్దది పెట్టిద్దాం" అంటారు ఇంట్లోవాళ్లు. మిగిలిన పలకలకు అడ్డంగా ఒక అక్రిలిక్ షీటు పెడితే అదే ఫ్యాన్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కిందే కిటికీ తెరవడమూ ఇలాంటిదే. పోపు పొగ హాల్లోకి పోతుంటే, ఫ్యాన్ కిటికీలోంచి వీధి గాలిని లాగుతూ ఉంటుంది. తెరవాల్సింది హాలుకు ఆ చివరనున్న కిటికీని.

రెండో అడ్డంకి తలుపులు. బాత్రూం తలుపు కింద సందు లేకపోతే ఫ్యాన్‌కు గాలి అందదు. టిష్యూ పేపరు ముక్కతో ఈ సంగతి కళ్లారా చూడొచ్చు. తలుపు తీసి ఉన్నప్పుడు ఫ్యాన్ జాలీకి అతుక్కున్న కాగితం, తలుపు వేయగానే జారి కింద పడిందంటే లోపం ఫ్యాన్‌లో లేదు. రెండున్నర అడుగుల తలుపు కింద ముప్పావంగుళం సందుంటే 25 సీఎఫ్‌ఎం గాలి ఇబ్బంది లేకుండా వస్తుంది, దానికి కావలసిన ఒత్తిడి తేడా అతి స్వల్పం, ఒక్క పాస్కల్ మాత్రమే. కానీ మన బాత్రూములకు గ్రానైట్ గడప ఎత్తుగా ఉంటుంది, తలుపు దానికి ఆనుకునేలా చేయించుకుంటాం. అలాంటప్పుడు తలుపు కింది భాగంలో జాలీ ఒక్కటే మార్గం. పాత ప్లాస్టిక్ బాత్రూం తలుపులకు ఆ జాలీ ఉండేది. చూడ్డానికి బాగుండదని తీసేశారు.

ఒక త్రీ బెడ్‌రూం ఫ్లాట్ లెక్క

అమెరికాలోని ఏసీ, హీటింగ్ ఇంజనీర్ల సంఘం ఆశ్రే ఇళ్ల కోసం 62.2 అనే ప్రమాణం రాసింది. దాని సూత్రం చేతి లెక్కకు లొంగుతుంది. చదరపు అడుగుకు 0.03 సీఎఫ్‌ఎం, ఆపైన పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి దాన్ని 7.5తో హెచ్చించాలి. 1,100 అడుగుల త్రీ బెడ్‌రూం ఇంటికి మొదటి భాగం 33, రెండోది నాలుగు ఏడున్నరలు 30. మొత్తం 63 సీఎఫ్‌ఎం. రోజంతా నిదానంగా నడవాల్సిన అంకె ఇది.

పంపకం ఇలా ఉండొచ్చు. ఇద్దరు పడుకునే మాస్టర్ బెడ్‌రూంకు 25, మిగతా రెండిటికీ చెరి 19. హాలుకు విడిగా అక్కర్లేదు, ఆ గదుల్లోంచి వచ్చే గాలే హాలు మీదుగా పోతుంది. ఎగ్జాస్ట్ వైపు, ఆగకుండా నడిచే బాత్రూం ఫ్యాన్‌కు అదే ప్రమాణం చెప్పేది 20 సీఎఫ్‌ఎం, అవసరమైనప్పుడే వేసేదైతే 50. మూడు బాత్రూములకు మూడిరవైలు అరవై. వచ్చేది 63, పోయేది 60. ఆ మూడు మిగులు కావాలని పెట్టుకున్నదే, దాని సంగతి కింద వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక. అటాచ్డ్ బాత్రూం ఫ్యాన్ నడిస్తే అది లాగేది పడకగది గాలినే. కాబట్టి రాత్రంతా చప్పుడు లేకుండా నడిచే చిన్న ఫ్యాన్ ఉంటే, పడకగదికి విడిగా ఎగ్జాస్ట్ అక్కర్లేదు. సప్లై వెంట్ మాత్రం బాత్రూం తలుపుకు దూరంగా, అవతలి గోడకు ఉండాలి. పక్కనే పెడితే మళ్లీ దగ్గర దారే.

చిమ్నీ విషయం వేరు

63 సీఎఫ్‌ఎంల ఈ చిన్న లెక్కలో చిమ్నీని కలపడం కుదరదు. 1,200 క్యూబిక్ మీటర్లంటే 700 సీఎఫ్‌ఎం, ఇంటికి కావలసిన దానికి పదకొండు రెట్లు. ఆరంగుళాల పైపులో అంత గాలి పోవాలంటే సెకనుకు 18 మీటర్ల వేగం, ఆ హోరు అందుకే. వంటయ్యే ఆ ముప్పావుగంటకు దానికి విడిగా దారి చూపాల్సిందే.

అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే ఇళ్ల నిర్మాణ కోడ్ ఇక్కడ గట్టిగా ఉంటుంది. గ్యాస్‌తో నడిచే కొన్ని రకాల గీజర్లు, ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసులు ఉన్న ఇంట్లో వంటింటి హుడ్ (మన చిమ్నీ లాంటిదే) 400 సీఎఫ్‌ఎం దాటితే, పోయే గాలికి తగినంత గాలి లోపలికొచ్చే ఏర్పాటు తప్పనిసరి. మన షాపుల్లో మామూలుగా అమ్ముడుపోయే చిమ్నీలు చాలావరకు ఆ హద్దు దాటినవే. అమెరికాలోని తెలుగువాళ్ల ఫిర్యాదు మాత్రం వేరు. చాలా అపార్టుమెంట్లలో స్టవ్ మీది ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, ఫిల్టర్‌లోంచి లాగి మళ్లీ మొహాన కొడుతుంది. పోపు పెడితే స్మోక్ అలారం మోగేది అందుకే.

ఆ కోడ్ అంత పట్టుబట్టడానికి కారణం కంపు కాదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. గ్యాస్ గీజర్ మండినప్పుడు పొగ దాని గొట్టంలోంచి బయటికి పోవాలి. ఇంట్లో ఏ ఫ్యానో గట్టిగా గాలి లాగుతూ, కిటికీలు మూసి ఉంటే, బయటి గాలి ఆ గొట్టంలోంచే వెనక్కి రావచ్చు. పొగ స్నానాల గదిలోనే మిగులుతుంది. గొట్టమే లేని గీజరైతే చెప్పక్కర్లేదు. మా ఇంట్లో వచ్చింది కంపు కాబట్టి తెలిసింది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

హైదరాబాద్ గాలి వేరు, విశాఖ గాలి వేరు

బయటి గాలి తెస్తే ఏసీ బిల్లు పెరగదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. పెరుగుతుంది. ఎంతన్నది ఊరిని బట్టి ఉంటుంది. మే నెల రాత్రి హైదరాబాద్‌లో బయట 30 డిగ్రీలు, లోపల 25 అనుకుందాం. 25 సీఎఫ్‌ఎం గాలి వెంట వచ్చే వేడి 70 వాట్లు. మిట్టమధ్యాహ్నం 41 డిగ్రీలప్పుడు కూడా 220 వాట్లే. టన్నున్నర ఏసీ చల్లబరిచే శక్తి 5,200 వాట్ల పైమాట, అందులో ఇది నాలుగు శాతం.

విశాఖ, కాకినాడ తీరాల్లో సమస్య వేడి కాదు, తేమ. జూన్ రాత్రి అక్కడి కిలో గాలిలో 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటే, ఏసీ గదిలో ఉండేది 11. అదే 25 సీఎఫ్‌ఎం వెంట గంటకు అర లీటరు నీళ్లు గదిలోకి వస్తాయి. ఎనిమిది గంటలకు నాలుగు లీటర్లు. ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెడితే కొలిచి చూసుకోవచ్చు.

మూడు పద్ధతుల మధ్య వాదన ఇక్కడే ముదురుతుంది. ఒకటి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మాత్రమే పెట్టి సప్లైని వెంట్లకో సందులకో వదిలేయడం. చవక, కానీ ఇంట్లో ఒత్తిడి తగ్గి దుమ్ము, తేమ ఎక్కడబడితే అక్కడ దూరతాయి. ఏసీతో చల్లబడిన గోడల వెనకా, వార్డ్‌రోబుల వెనకా బూజు పట్టే అవకాశం ఉంది. రెండు, ఫిల్టర్ ఉన్న సప్లై ఫ్యాన్‌తో గాలిని లోపలికి తోసి, బయటికి పోయే పని సందులకు వదలడం. దారి మన చేతిలో ఉంటుంది గనుక తేమ ఊళ్లకు ఇది నయం. పై లెక్కలో ఆ మూడు సీఎఫ్‌ఎంల మిగులు ఉద్దేశం కూడా ఇదే. మంచు కురిసే చోట మాత్రం ఇంటి తేమ గోడల్లోకి చేరి గడ్డకడుతుంది. మూడు, రెండువైపులా ఫ్యాన్లు పెట్టి మధ్యలో ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) అనే పెట్టె బిగించడం. పోయే చల్లగాలి, వచ్చే వేడిగాలి అందులో ఒకదాన్నొకటి ఆనుకుని వెళ్తూ వేడినీ తేమనూ కొంత ఇచ్చిపుచ్చుకుంటాయి. విశాఖలో రోజంతా ఏసీ నడిచే ఇంటికి దాని ఖర్చు గిట్టుబాటు కావచ్చు. హైదరాబాద్‌లో రాత్రి ఒక్క గదికి ఏసీ వేసుకునే ఇంటికి ఆ 70 వాట్లను ఆదా చేయడానికి అంత పెట్టె ఎందుకన్నది నా అనుమానం.

ఇవేవీ అక్కర్లేదు, కిటికీ రెండంగుళాలు తెరిస్తే చాలనే వాదనా ఉంది. కొట్టిపారేయలేం. గాలి ఆడే రాత్రి ఆ సందు 25 సీఎఫ్‌ఎం తేలిగ్గా ఇస్తుంది. గాలి స్తంభించిన రాత్రి దాదాపు ఏమీ ఇవ్వదు. పైగా రోడ్డు పక్క ఇంటికి చప్పుడూ దుమ్మూ తప్పవు. సూక్ష్మధూళి పీఎం 2.5కి రోజు సగటున మన దేశంలో హద్దు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. కిటికీకి ఫిల్టర్ పెట్టలేం, ఫ్యాన్‌కు పెట్టగలం. మెషిన్ పక్షంవాళ్ల బలమైన వాదన ఇదే.

బయటి గోడకు చిల్లు ఎక్కడ

సప్లై నోరు ఎగ్జాస్ట్ నోటికి కనీసం పదడుగుల ఎడంలో ఉండాలని ఆశ్రే మాట. ఫ్లాట్లలో ఇదే కష్టం. చిమ్నీ పైపు, బాత్రూం షాఫ్ట్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, వాషింగ్ మెషీన్ అన్నీ యుటిలిటీ వైపే చేరతాయి. కింద జనరేటర్ కూడా అటే. సప్లై నోరు అక్కడ పెడితే పక్కింటి చేపల పులుసు మన పడకగదిలో తేలుతుంది. సప్లైకి సాధారణంగా మిగిలేది బాల్కనీ వైపు.

వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా హైదరాబాద్‌లో గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి వంటింటి పొగ తనంతట తనే బయటికి పోతుంది. చలికాలంలో గాలి తూర్పు నుంచి వీస్తుంది, అప్పుడు అదే పొగ ఇంట్లోకి ఎదురొస్తుంది. చిమ్నీ పైపు కొసకు వెనక్కి తిరగని ఫ్లాప్ ఉందో లేదో జనవరిలో తెలుస్తుంది.

బయటి నోళ్లకు జాలీ తప్పదు, లేకపోతే పావురాలు. ఆ జాలీ సన్నదైతే దోమ రాదు గానీ దుమ్ముతో త్వరగా పూడుతుంది. మా బాల్కనీ వైపు వెంట్‌కు పెట్టించిన దోమతెరను ఏడాది తర్వాత విప్పి చూస్తే, దాని మీద బూడిదరంగు నూలుగుడ్డలా ఒక పొర. వేలితో పట్టుకుని లాగితే చాప చుట్టలా మొత్తం ఊడి వచ్చింది. కాగితం మీద 25 అని రాసుకున్న గదిలోకి అన్నాళ్లూ ఏ ఎనిమిదో పదో సీఎఫ్‌ఎం వచ్చి ఉంటుంది. ఇప్పుడు చిమ్నీ ఫిల్టర్ కడిగే రోజే దాన్నీ కడుగుతున్నాం. గెస్ట్ బాత్రూంలో మగ్గు నీళ్లు పోసేదీ ఆ రోజే.